వేరుపడిన తేదీ

సింహాచలానికి తన గురించి రెండు నమ్మకాలున్నాయి. ముప్పై ఆరేళ్ళ రైల్వే సర్వీసులో ఒక్క నిమిషం కూడా తప్పు రాయలేదన్నది మొదటిది. ఏ విషయం మీదైనా పది నిమిషాలు ఆగకుండా మాట్లాడగలనన్నది రెండోది. మొదటిది నిజమే. గూడ్సు గార్డుగా ఆయన నింపిన పుస్తకాల్లో బండి ఎక్కడ ఆగింది, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి ఆగింది, ఎవరి తప్పువల్ల ఆగింది, అన్నీ ఉండేవి. "ఓ రెండు నిమిషాలు అటూ ఇటూ వేసెయ్యి బాబూ" అని డ్రైవర్లు బతిమాలుకున్నా ఆయన చెయ్యి కదిలేది కాదు. అందుకే డ్రైవర్లలో ఆయనకి స్నేహితులు తక్కువ. రెండో నమ్మకం కూడా నిజమే కానీ, ఆ పది నిమిషాలు ఎప్పుడూ పాతికకి తగ్గేవి కావు. మైకు ముందు నిలబడ్డప్పుడు మాత్రం ఆయనకి గడియారం కనపడదు.

బిలాస్‌పూర్ తెలుగు సంఘంలో ఏటా ఒక ఆదివారం చర్చ పెడతారు. ఈసారి విషయం ఎంచింది రమణమూర్తిగారు. బొగ్గు కంపెనీలో లెక్కల అధికారిగా చేసి రిటైరయిన మనిషి, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి మరీ కాఫీ తాగే రకం. ఒక రాష్ట్ర ప్రభుత్వం, ఎవరి సాయమూ లేకుండా, తన జనం అందరి ఆస్పత్రి ఖర్చూ తానొక్కటే కట్టుకోగలదా లేదా? ఇదీ విషయం. కట్టుకోలేదని రమణమూర్తిగారు మాట్లాడారు. రాష్ట్రం నోట్లు అచ్చు వేసుకోలేదన్నారు. పంటలు పోయిన ఏడాది పన్నులు తగ్గుతాయి, రోగాలు పెరుగుతాయన్నారు. అన్నిటికంటే పెద్ద చిక్కు సరిహద్దు అన్నారు. ఇక్కడ ఉచితమని తెలిస్తే పక్క రాష్ట్రం రోగులందరూ రైలెక్కి ఇక్కడ దిగుతారు, అప్పుడు ఎవర్ని కాదంటారు, ఏమని కాదంటారు? అని అడిగి కూర్చున్నారు. ఆరు నిమిషాల్లో అయిపోయింది. అందుకే జనానికి పెద్దగా నచ్చలేదు.

సింహాచలం లేచాడు.

"రైల్వేని చూడండి," అన్నాడు. "మన రైల్వే ఓ రాష్ట్రం లాటిది కాదేటండీ? లచ్చల మందిమి. జొరమొచ్చినా, గుండెకి కోతొచ్చినా ఒకటే కార్డు. మనలో ఎవడైనా ఏనాడైనా పర్సు తీసేడా? రైల్వే చేసిన పని రాష్ట్రం చెయ్యలేదేటి? మూర్తిగారు సరిహద్దు అంటన్నారు. అదొక చిక్కే కాదు. ఎవడి పేరు వాడి ఊళ్ళో ఉండాల. పేరున్న చోటే వైద్యం. దొంగ పేర్లు లేకండా, ఎవరెవరు ఏ కుటుంబమో సరీగ్గా రాసుకుంటే చాలు. రాతలో తప్పుండకూడదు. అంతే!"

చప్పట్లు మోగాయి. హాల్లో సగం మంది రైల్వే వాళ్ళే, వాళ్ళని వాళ్ళు మెచ్చుకుంటే ఎవరికి చేదు? సింహాచలానికి బహుమతిగా ఒక స్టీలు ఫ్లాస్కు ఇచ్చారు.

హాలు వెనకాల, సాంబారు గిన్నెల పక్కన, చిన్నారావు కూడా చప్పట్లు కొట్టాడు. చిన్నారావు సింహాచలం తమ్ముడు, తొమ్మిదేళ్ళు చిన్న. రైల్వే కాలనీ గేటు దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇడ్లీ బండి నడుపుతున్నాడు. సంఘంలో ఏ కార్యక్రమమైనా టిఫిన్లు అతనివే. రోజూ ఉదయం వాహ్యాళి ముగించుకుని సింహాచలం ఆ బండి దగ్గర మూడు ఇడ్లీలు తింటాడు. డబ్బులివ్వడు. తమ్ముడి బండి దగ్గర డబ్బులివ్వడమేమిటి?

చప్పట్లు కొడుతూ కొడుతూనే చిన్నారావు నేలమీద కూలబడ్డాడు. మొహం సున్నం కొట్టినట్టయిపోయింది. అన్నగారి ఉపన్యాసం నిలబడి వినేసరికి అలసిపోయాడని ఎవరో హాస్యమాడారు. ఫ్లాస్కు పట్టుకునే సింహాచలం పరుగెత్తుకొచ్చాడు.

గుండెలో ఒక కవాటం ఇరుకైపోయిందని డాక్టరు చెప్పాడు. రక్తం బయటికి పోవడానికి తోవ చాలడం లేదట. ఆపరేషను చేసి దాన్ని మార్చాలి. "రెండు నెలల లోపల చేయించండి. ఆ తరవాత సంగతి నేను చెప్పలేను," అన్నాడు. ఖర్చు ఎంతవుతుందో కూడా చెప్పాడు. చిన్నారావు భార్య నీలవేణి ఆ అంకె విని, రెండోసారి అడగలేదు. ఇడ్లీలు అమ్మి పోగేసే అంకె కాదది.

సింహాచలం మాత్రం కంగారు పడలేదు. "రైల్వే ఉంది కదేటి," అన్నాడు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికల్లా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని రైల్వే ఆస్పత్రి కౌంటరు దగ్గరున్నాడు. అక్కడి గుమాస్తా కార్డు తీసుకుని కంప్యూటర్లో చూశాడు. పేషెంటు ఎవరని అడిగితే, తమ్ముడని సింహాచలం చెప్పాడు.

"మీ పేరుంది. మీ భార్య మాధవీలతగారి పేరుంది. పిల్లలవి పెళ్ళిళ్ళయ్యాక తీసేశారు. తమ్ముడు అనే గడే లేదండీ ఇందులో."

"గడి లేకపోతేనేటి? మాది ఒకటే కుటుంబం."

"మీకు ఒకటే. మా లెక్కలో కాదు," అన్నాడు గుమాస్తా. విసుక్కోలేదు, వెక్కిరించలేదు, ఉన్నమాట చెప్పాడు. అలా చెబితే మనిషికి దెబ్బలాడ్డానికి కూడా వీలుండదు.

ఈ కుటుంబం సంగతి కాస్త చెప్పాలి. వీళ్ళ నాన్న బిలాస్‌పూర్లో పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేస్తూ డ్యూటీలోనే బండి కింద పడి పోయాడు. ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామంది రైల్వే. సింహాచలానికి ఇరవై నాలుగేళ్ళు, చిన్నారావుకి పదిహేను. ఉద్యోగం పెద్దవాడికొచ్చింది. "చిన్నోణ్ణి నువ్వే చూసుకోవాల" అని అమ్మ అంది. సింహాచలం చూసుకున్నాడు. కనీసం ఆయన అలాగే అనుకున్నాడు. తన పెళ్ళయ్యేదాకా క్వార్టరు వెనక వరండాలో తమ్ముడికి చోటిచ్చాడు. పెళ్ళయ్యాక ఇల్లు చాలక చిన్నారావు వేరే గది చూసుకున్నాడు. అది చోటు చాలకపోవడమే తప్ప వేరుపడడం కాదని సింహాచలం అందరికీ చెప్పేవాడు. మేం అన్నదమ్ములం ఎన్నడూ వేరు పడలేదని, బిలాస్‌పూర్లోనే దయాల్‌బంద్‌లో ఇల్లు కొనుక్కుని గృహప్రవేశం చేసుకున్న రోజున కూడా చెప్పాడు. ఆ రోజు నూట యాభై మందికి టిఫిన్లు చిన్నారావే వండాడు.

రైల్వే కాదంది కాబట్టి, ఆపరేషను చెయ్యగల ప్రైవేటు ఆస్పత్రికి ఇద్దరూ వెళ్ళారు. అక్కడ రాష్ట్ర ప్రభుత్వం కార్డుల కౌంటరులో రజిని అనే అమ్మాయి కూర్చుంది. తెలుగు వాళ్ళమ్మాయే, వాళ్ళ నాన్న బ్యాంకులో చేస్తాడు. పుట్టి పెరిగింది బిలాస్‌పూర్లో కాబట్టి తెలుగు మొదలుపెడితే హిందీలో తేలుతుంది.

"అంకుల్, ఈ రాష్ట్రంలో సబ్ కో, అందరికీ ఫ్రీ ఉంది. టెన్షన్ మత్ లో," అంటూ చిన్నారావు ఆధార్ నంబరు కొట్టింది. కొట్టి, స్క్రీను వంక చూసి, "అచ్ఛా..." అంది. "అంకుల్, ఈయన నామ్ తో ఆంధ్రాలో ఉంది. వహా కా రేషన్ కార్డులో. ఇక్కడ లేదు."

"ముప్పై ఒక్క ఏళ్ళు బట్టి ఇక్కడే ఇడ్లీలేస్తన్నాడమ్మా!"

"నాకు తెలుసు అంకుల్, నేను కూడా తిన్నాను. మగర్ కంప్యూటర్ తినలేదు కదా." ఆ పిల్ల హాస్యానికి అనలేదు. నిజంగానే బాధపడుతూ అంది. "సబ్ కో అంటే ఈ రాష్ట్రంలో నామ్ ఉన్న సబ్ కో. ఆంధ్రాలో కూడా అందరికీ ఫ్రీ ఉంది కదా? అక్కడికి పొండి."

సింహాచలం మొహం వెలిగింది. బిలాస్‌పూర్లోని పాతకాలపు రైల్వే కుటుంబాల వాళ్ళకి ఒక అలవాటుంది. ఇక్కడే పుట్టి ఇక్కడే పోయినా, సొంతూరి కార్డులో పేరు మాత్రం తీయించుకోరు. బియ్యం కోసం కాదు. ఊరు మనల్ని మర్చిపోకూడదని. సింహాచలం వాళ్ళది టెక్కలి దగ్గర ఊరు. ఇక్కడి వార్డులో కార్డు రాస్తామని ఎవరైనా వచ్చినప్పుడల్లా "మనకి ఊళ్ళో ఉందిరా, ఇక్కడెందుకు?" అని తమ్ముణ్ణి వెనక్కి లాగింది సింహాచలమే. ఇప్పుడు ఆ కార్డే పనికొస్తోంది. "నే చెప్పలేదేటి? పేరున్న చోటే వైద్యం," అన్నాడు ఆటోలో కూర్చుని. చిన్నారావు ఊపిరి సర్దుకుంటూ తలూపాడు.

ఇంటికి రాగానే ఊళ్ళోని గ్రామ సచివాలయానికి ఫోను చేశాడు. అక్కడ కంప్యూటరు పని చూసే సౌభాగ్య అనే అమ్మాయి వీళ్ళ పక్కింటివాళ్ళ మనవరాలే.

"కార్డుంది మావయ్యా," అంది సౌభాగ్య. "కానీ పనికి రాదు. అనర్హం అని చూపిస్తంది."

"ఎందుకూ?"

"కార్డులో గవర్నమెంటు పెన్షనరు ఉన్నారు. అలాటి వాళ్ళుంటే కార్డు మొత్తం ఆగిపోద్ది. రెండేళ్ళయింది ఆగి."

"మా వాళ్ళలో పెన్షనరెవరే?"

"మీరే మావయ్యా," అంది.

సింహాచలం ఫోను పెట్టేసి కుర్చీలో కూర్చున్నాడు. పన్నెండేళ్ళ కిందటి సంగతి నిమిషాలతో సహా గుర్తొచ్చింది. అమ్మవారి పండక్కి సెలవు పెట్టి ఊరు వెళ్ళినప్పుడు కొత్త కార్డులు రాస్తున్నారు. అమ్మ పేరు, చిన్నారావు పేరు, నీలవేణి పేరు రాసున్నాయి. పెద్దకొడుకు పేరు లేదు. "పెద్దోడి పేరు లేకండా కార్డేటి? నాను చచ్చిపోనానేటి?" అని రేషను డీలరు మీద అంతెత్తున లేచాడు. "నీకు రైల్వే ఉంది కదన్నియ్యా, ఇది నీకెందుకు?" అని చిన్నారావు నెమ్మదిగానే అన్నాడు. సింహాచలం వినలేదు. ఫారం లాక్కుని అందరికంటే పైన తన పేరు తనే రాశాడు. ఉద్యోగం అన్న గడి ఖాళీగా వదిలెయ్యమని డీలరు చెవిలో చెప్పాడు. ఒదులుతాడా? పెద్ద పెద్ద అక్షరాలతో 'రైల్వే ఉద్యోగి' అని రాశాడు. ఆయన రాతలో తప్పుండదు మరి.

కార్డు మీద బియ్యం ఆగిపోయినా, ఊళ్ళో ఉండి తెచ్చుకునేవాళ్ళు లేక ఎవరికీ తెలియలేదు. అమ్మ అప్పటికే పోయింది.

కాబట్టి లెక్క ఇలా తేలింది. రైల్వే దృష్టిలో చిన్నారావు సింహాచలం కుటుంబం కాదు, అందుకని వైద్యం లేదు. ఊరి దృష్టిలో చిన్నారావు సింహాచలం కుటుంబమే, అందుకని వైద్యం లేదు. బిలాస్‌పూర్ దృష్టిలో అసలు చిన్నారావే లేడు. మూడు చోట్లా 'అందరికీ' అనే రాసి ఉంది. సింహాచలం ఆ రాత్రి అన్నం తినలేదు. ఎందుకు తినలేదని మాధవీలత అడిగితే, పైత్యం చేసిందన్నాడు. ఆయన జీవితంలో తెలిసి చెప్పిన అబద్ధాల్లో అదొకటి.

సౌభాగ్యే మళ్ళీ ఫోను చేసి దారి చెప్పింది. అన్నదమ్ములిద్దరూ వచ్చి వేరు కుటుంబాలమని రాసిచ్చి, కార్డు విడగొట్టించుకోవాలి. ఆ తరవాత చిన్నారావు ఊళ్ళోనే ఉంటాడంటే ఊరి కార్డు ఊళ్ళోనే నడుస్తుంది. కాదు, బిలాస్‌పూర్లోనే ఉంటాడంటే ఊళ్ళో పేరు కొట్టేసి చీటీ ఇస్తారు, అది చూపిస్తే అక్కడ రాసుకుంటారు. "మనుషులు రావాల్సిందే మావయ్యా. వేలిముద్రలు కావాల," అంది.

ఇద్దరూ రైలెక్కారు. సింహాచలానికి రిటైరయిన వాళ్ళకిచ్చే పాసుంది. అందులోనూ తమ్ముడికి గడి లేదు. పాసు ఉన్నాయన ఏసీలో, టికెట్టు కొన్న చిన్నారావు స్లీపర్లో. సింహాచలం తన బెర్తు మీద సంచీ మాత్రం పడుకోబెట్టి, వచ్చి తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. బహుమతి ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసుకుని తెచ్చాడు. స్టేషను స్టేషనుకీ బండి ఎన్ని నిమిషాలు ఆలస్యమో చెబుతూనే ఉన్నాడు. చిన్నారావు వింటూనే ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడక, కిటికీకి ఆనుకుని కూర్చునే విజయనగరం దాకా వచ్చాడు. అక్కడ బండి మారి ఊరు చేరారు.

సచివాలయానికి ఏడు మెట్లున్నాయి. చిన్నారావు రెండుచోట్ల ఆగాడు. రెండోసారి ఆగినప్పుడు రెయిలింగు పట్టుకున్న చేతి గోళ్ళు నీలంగా ఉన్నాయి. అది చూసి సింహాచలం తమ్ముడి రెండో చెయ్యి తన భుజం మీద వేసుకున్నాడు. ఎవరైనా అడిగుంటే తన రెండు చేతులూ ఇచ్చేసేవాడే. కానీ ఎవరూ అది అడగడం లేదు, కాగితం అడుగుతున్నారు.

సౌభాగ్య ఫారం ముందు పెట్టింది. సింహాచలం కళ్ళజోడు తుడుచుకుని, జేబులోంచి తన పెన్నే తీశాడు.

"మొదటి గడి. ఇద్దరూ వేరువేరు ఇళ్ళలో ఉంటున్నారా?"

"అవును." అది నిజమే కాబట్టి రాశాడు.

"రెండోది. వంట ఒకే పొయ్యి మీదా, వేరువేరు పొయ్యిల మీదా?"

సింహాచలం పెన్ను ఆగింది. "పొయ్యిలు వేరే. కానీ పొద్దున్న టిఫిను మాత్రం వీడి పొయ్యిదే తింటాను. రోజూ మూడిడ్లీలు."

"అది రాయక్కర్లేదు మావయ్యా."

"ఎందుకక్కర్లేదు? తింటన్నాను కదా. తప్పు రాయమంటావేటి?"

సౌభాగ్యకి ఇలాంటి ముసలివాళ్ళు కొత్త కాదు. "డబ్బులిచ్చి తింటారా, ఊరికే తింటారా?"

"ఊరికే."

"అయితే ఇకమీద డబ్బులివ్వండి. డబ్బిచ్చి తింటే హోటలు, ఊరికే తింటే కుటుంబం. ఇవాళ్టి నుంచి ఇస్తానని మనసులో అనుకుని 'వేరు' అని రాసెయ్యండి."

సింహాచలం తమ్ముడి వంక చూశాడు. చిన్నారావు గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. సింహాచలం ఇవాళ్టి నుంచి ఇస్తానని మనసులో గట్టిగా అనుకుని, 'వేరు' అని రాశాడు.

"మూడోది. వేరుపడిన తేదీ?"

"అలాటి తేదీ ఏటీ లేదమ్మా. మేం వేరుపడలేదు."

"గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ముందుకి కదలదు. ఏదో ఒకటి వెయ్యండి. అందరూ అలాగే వేస్తారు. జనవరి ఒకటి వేసెయ్యండి."

జనవరి ఒకటి! ముప్పై ఆరేళ్ళలో డ్రైవర్ల కోసం, స్టేషను మాస్టర్ల కోసం, ఆఖరికి ఒకసారి తన ప్రమోషను కోసం కూడా ఒక్క నిమిషం మార్చనివాడు ఇప్పుడు లేని రోజుని పుట్టించి రాయాలి. రాయకపోతే తమ్ముడు చస్తాడు. సింహాచలం నిజంగానే రాద్దామనుకున్నాడు. ఏ రోజు రాస్తే కాస్త తక్కువ అబద్ధమవుతుందా అని వెతుక్కున్నాడు. తన పెళ్ళా? అప్పుడు చోటు చాలక వెళ్ళాడంతే. అమ్మ పోయిన రోజా? ఆ రోజు ఇద్దరూ ఒకే చాప మీద పడుకున్నారు. గృహప్రవేశమా? పెన్ను గడి పైన అలా నిలబడిపోయింది.

"మార్చి పద్నాలుగు, ఎనభై ఏడు," అన్నాడు చిన్నారావు.

క్యాలెండరు మీంచి కళ్ళు తిప్పకుండానే అన్నాడు.

"ఏట్రా?"

"రాయి. శనివారం."

ఆ తేదీ సింహాచలానికి తెలుసు. ఆయన సర్వీసు పుస్తకం మొదటి పేజీలో ఉంది. ఆయన రైల్వేలో చేరిన రోజు.

"ఆవేళ నువ్వు కొత్త చెప్పులేసుకుని డూటీకెళ్ళేవు," అన్నాడు చిన్నారావు. బండి దగ్గర ఇంకా ఎన్ని ఇడ్లీలున్నాయో చెప్పే గొంతుతోనే చెప్పాడు. "అమ్మ నన్ను స్టేషను దగ్గర హోటల్లో గిన్నెలు తోమడానికి పంపీసింది. నా స్కూలు సంచీలో రెండు చొక్కాలు పెట్టింది. ఆవేళ బట్టి నువ్వు వేరు, నాను వేరు కదన్నియ్యా. మరింకే రోజు రాస్తావు?"

సౌభాగ్య కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసింది.

సింహాచలానికి సిగ్గేసింది. తమ్ముణ్ణి తనే పెంచానని ముప్పై ఎనిమిదేళ్ళుగా ఊరందరికీ చెప్పాడు. ఆ హోటలు గిన్నెల సంగతి ఆయనకి తెలియనిది కాదు, తేదీగా తెలియదంతే. తన జీవితంలో ఎంతో మంచిదని దాచుకున్న రోజే తమ్ముడు కూడా దాచుకున్నాడు, వేరే లెక్కలో. కోపంగా అనుంటే బాగుండేది. చిన్నారావు మొహంలో కోపం లేదు. గడి ఖాళీగా ఉందని నింపాడు, అంతే.

సింహాచలం పెన్ను కిందికి దించి రాశాడు. 14-3-1987. కళ్ళల్లో నీళ్ళు తిరిగి అంకెలు కాస్త వంకరగా పడ్డాయి. తప్పు మాత్రం లేదు.

"పేరు ఇక్కడే ఉంచమంటారా, తీసెయ్యమంటారా?" అని సౌభాగ్య చిన్నారావుని అడిగింది.

"తీసీయమ్మా. ఇడ్లీలు అక్కడ కదా వేస్తన్నాను." ఊరు మర్చిపోతుందేమోనని సింహాచలానికి అనిపించినా, పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

చిన్నారావు వేలిముద్ర యంత్రంలో పడలేదు. మూడు దశాబ్దాల ఇడ్లీ పళ్ళాల ఆవిరికి వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. చివరికి కళ్ళు చూపించి పని ముగించుకున్నారు.

చీటీ పట్టుకుని బిలాస్‌పూర్ వచ్చాక మళ్ళీ తిరుగుడు మొదలైంది. వార్డు ఆఫీసు, కొత్త అర్జీ, ఫొటో, మళ్ళీ వార్డు ఆఫీసు. చిన్నారావు మంచం దిగడం లేదు. నీలవేణే బండి నడిపింది. ఇతను నిజంగా ఇక్కడే ఉంటాడా అని విచారించడానికి దగ్గర్లోని మస్తూరీ నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఒకాయన ఒక ఉదయం బండి దగ్గరికొచ్చాడు. అక్కడ నిలబడి తింటున్న పదకొండు మందిని అడిగాడు. తనూ ఒక ప్లేటు తిన్నాడు. సంతకం పెట్టి వెళ్ళాడు. డాక్టరు చెప్పిన రెండు నెలలకి పదమూడు రోజుల ముందు రజిని కంప్యూటర్లో చిన్నారావు పుట్టాడు.

ఆపరేషను రోజున సింహాచలం వరండాలో కూర్చుని, 'లోపలికి 7.52' అని చేతి పుస్తకంలో రాసుకున్నాడు. కాగితాలు పట్టుకున్న నర్సు వచ్చి, "ఆప్ పేషెంట్ కీ ఫ్యామిలీ హై?" అని అడిగింది. రాసిచ్చిన మాట రాసిచ్చిందే. "ఫ్యామిలీ నహీ హూ, బేటీ," అన్నాడు. "బడా భాయీ హూ." కుటుంబం కాదు, అన్న! ఆ అమ్మాయి ఒకసారి ఆయన్ని ఎగాదిగా చూసి, నీలవేణి దగ్గర సంతకం తీసుకుంది.

చూడవచ్చిన రమణమూర్తిగారు పక్కన కూర్చుని, "అయితే సింహాచలంగారూ, చర్చలో గెలిచింది మీరా, నేనా?" అన్నారు.

"రాష్ట్రం చెయ్యగలదండీ," అన్నాడు సింహాచలం. "ఎవరు ఎవరికి ఏటవుతారో అడగడం మానీస్తే చెయ్యగలదు." ఆయన ఇంత తక్కువ మాట్లాడడం రమణమూర్తిగారు అదే మొదటిసారి చూడడం. లోపలి నుంచి చిన్నారావుని బయటికి తెచ్చింది 12.40కి. ఊపిరి ఆడుతోంది. సింహాచలం ఆ టైము కూడా రాసుకున్నాడు. నీలవేణి ఏడిస్తే ఊరుకోబెడదామని వెళ్ళి, తనే ఏడ్చాడు.

మూడు నెలలకి చిన్నారావు మళ్ళీ బండి దగ్గర నిలబడ్డాడు. మొదటిరోజు సింహాచలం ఎప్పటిలా బండి వెనక్కి వెళ్ళలేదు. వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చాక మూడు ఇడ్లీలకి ముప్పై రూపాయలు బల్ల మీద పెట్టాడు. తమ్ముడు వద్దంటాడని లోపల ఒక ఆశ ఉంది. చిన్నారావు నోట్లు తీసుకుని డబ్బాలో వేశాడు. మూడు ఇడ్లీలు వేసి, చట్నీ పోసి, ప్లేటు ఇచ్చాడు. రెండోరోజూ అంతే. నెలంతా అంతే.

నెల దాటాక ఒక సోమవారం ప్లేటులో నాలుగు ఉన్నాయి.

"ఒకటెక్కువేసీసేవురా," అన్నాడు సింహాచలం.

"లెక్క సరిగ్గానే ఉంది. మూడిటికే డబ్బులు తీసుకున్నాను."

"మరి నాలుగోదేటి?"

"అది హోటల్ది కాదు," అన్నాడు చిన్నారావు. అన్న వెనకాల వరసలో నిలబడ్డ స్కూటరు కుర్రాడి చేతిలోంచి డబ్బులు అందుకున్నాడు.

సింహాచలం పక్కకి జరిగి నిలబడ్డాడు. మూడూ రోజూలాగే గబగబా తినేశాడు. నాలుగోది తినడానికి చాలాసేపు పట్టింది. ఎంతసేపో ఆయన చూసుకోలేదు.